ఇల్లు కూల్చే ముందు గుత్తేదారు నుంచి తీసుకోవలసిన కాగితాలు

దేవరకొండలో మా తాతగారు కట్టించిన ఇంటిని కూల్చి, అదే స్థలంలో కొత్త ఇల్లు కట్టుకోవాలని మేము అన్నదమ్ములం నిర్ణయించుకున్నాము. మట్టి గోడలు, టేకు దూలాలు, వాటి మీద కప్పును మోసే దంతెలు, పైన గూన పెంకులు, వెనుక తరువాతి కాలంలో వేసిన సిమెంటు రేకుల వసారా, రెండు వైపులా పక్కవారితో కలిసిన గోడలు ఉన్న ఇల్లు అది. నల్లగొండ పాత బజారులోనైనా, మహబూబ్‌నగర్, వనపర్తి, నారాయణపేట వీధుల్లోనైనా ఇప్పుడు కూల్చివేతకు సిద్ధంగా ఉన్న ఇళ్లు చాలావరకు ఇలాంటివే. పని కోసం మాట్లాడిన గుత్తేదారులు ముందుగా చూసింది టేకు ఎంత వస్తుంది, దర్వాజలు ఎన్ని, ఇనుము ఎంత అన్న లెక్కే. ప్రమాదం జరిగితే ఎట్లా అని అడిగితే, "ఏమన్న అయితే జిమ్మేదారి నాదే సార్, మీరు ఫికర్ చేయకుండ్రి" అన్నారు. వాళ్లు ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారని నమ్ముతున్నాను. అయితే ఒక కూలీ ప్రాణం పోయినప్పుడో, పక్కింటి గోడ కూలినప్పుడో ఆ మాటను నిలబెట్టుకోవడానికి కావలసినంత డబ్బు చిన్న గుత్తేదారు దగ్గర ఉండదు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పే కాగితం, గోడ మీద మొదటి గునపం పడకముందే మన చేతిలో ఉండాలి.

ముందు కూలీల సంగతి చెప్పాలి, ఎందుకంటే కూల్చివేతలో అందరికంటే దగ్గరగా ప్రమాదంలో నిలబడేది వాళ్లే. ఉద్యోగుల పరిహార చట్టం 1923 నాటిది. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్, 2020 అమల్లోకి రావడంతో అది ఆ కోడ్‌లో కలిసిపోయింది గాని, పరిహారం లెక్కగట్టే పద్ధతి మారలేదు. పనిలో కార్మికుడు మరణిస్తే అతని నెల వేతనంలో సగాన్ని, వయస్సును బట్టి పట్టికలో ఇచ్చిన గుణకంతో హెచ్చిస్తారు. ముప్ఫై ఏళ్లకు ఆ గుణకం 207.98, నలభై ఏళ్లకు 184.17. ఈ లెక్కలోకి తీసుకునే వేతనానికి 2020 జనవరిలో నెలకు 15,000 రూపాయలు పరిమితిగా ప్రకటించారు. ఆ మేరకు సంపాదించే ముప్ఫై ఏళ్ల మనిషి దూలం మీద పడి చనిపోతే అతని కుటుంబానికి రావలసింది 15,59,850 రూపాయలు. అతడు బతికి, మళ్లీ ఏ పనీ చేయలేని స్థితిలో మిగిలితే సగానికి బదులు 60 శాతం లెక్కగడతారు కాబట్టి అది 18,71,820 రూపాయలవుతుంది. చెల్లించడం ఆలస్యమైతే దాని మీద వడ్డీ కూడా పడుతుంది. మొత్తం కూల్చివేతకు మాట్లాడుకునే గుత్త సొమ్ము పక్కన ఈ అంకెలను పెట్టి చూస్తే, "జిమ్మేదారి నాదే" అన్న మాటకు బలం ఎంతో ఎవరికైనా తెలుస్తుంది.

మామూలు ఇంటికి ఈ చట్టం వర్తించదని కొందరు మేస్త్రీలు చెబుతుంటారు. 1923 చట్టం రెండో షెడ్యూలులో భవనాల కూల్చివేత పనిని పేరు పెట్టి చేర్చారు. ఒకటికి మించి అంతస్తులున్న భవనమైనా, నేల నుంచి కప్పు కొన వరకు 12 అడుగులు లేదా అంతకు మించి ఎత్తున్న భవనమైనా దాని కిందికి వస్తుంది. ఎత్తైన కొప్పు ఉన్న మన గూన ఇళ్లలో 12 అడుగులకు తక్కువగా ఉండేవి కొద్ది మాత్రమే.

ఇక బాధ్యత ఇంటి యజమాని దాకా వస్తుందా అన్నది జాగ్రత్తగా చూడవలసిన విషయం. తన వృత్తి వ్యాపారాల్లో భాగమైన పనిని గుత్తకు ఇచ్చినవాడు, గుత్తేదారు కూలీలకు తానే యజమాని అయినట్టు పరిహారం చెల్లించవలసి ఉంటుందని 1923 చట్టంలోని 12వ సెక్షన్ చెప్పింది. స్థలాన్ని డెవలప్‌మెంటుకు తీసుకున్న బిల్డరు ఈ మాట నుంచి తప్పించుకోలేడు. సొంతంగా ఉండడానికి ఇల్లు కట్టుకునే వ్యక్తి మాత్రం ఇది తన వ్యాపారం కాదని వాదించవచ్చు. అయితే ఖర్చు తగ్గుతుందని గుత్తేదారును పక్కనబెట్టి, పొద్దున్నే అడ్డా మీద నుంచి కూలీలను తానే తెచ్చుకుంటే ఆ వాదన నిలవదు, ఎందుకంటే అప్పుడు యజమాని స్వయంగా అతడే. అప్పుడప్పుడు పెట్టుకునే కూలీలకు ఈ చట్టం వర్తించదన్న పాత మినహాయింపును 2000 నాటి సవరణ తీసివేసింది. మన జిల్లాల్లో చాలామంది చేసే పని ఇదే కాబట్టి, అందరికంటే ఎక్కువగా వాళ్లే ఈ సంగతి తెలుసుకోవాలని నా కోరిక.

గుత్తేదారు దగ్గర ఉండవలసిన మొదటి పాలసీ ఉద్యోగుల పరిహార పాలసీ. పాతవాళ్లు దీన్ని వర్క్‌మెన్ కాంపెన్సేషన్ అంటారు. ఉందని చెబితే సరిపోదు, చదవాలి. పని వివరం రాసిన చోట "భవన నిర్మాణం" అని మాత్రమే ఉంటే, కూల్చివేత అన్న మాటను కూడా చేర్పించమని అడగాలి, ఎందుకంటే బీమా సంస్థలు కూల్చివేతను నిర్మాణం కంటే ఎక్కువ ప్రమాదమున్న పనిగా లెక్కగట్టి ప్రీమియం నిర్ణయిస్తాయి. దాచి తక్కువ ప్రీమియం కట్టిన పాలసీ, అవసరమైన రోజున వివాదంలో పడుతుంది. పాలసీలో చూపిన కూలీల సంఖ్య, వేతనం నిజంగా పనికి వచ్చేవారికి సరిపోవాలి. ఆరుగురికి పాలసీ తీసుకుని పదిహేను మందిని దింపితే ఆ పాలసీ ఎవరినీ సరిగా కాపాడదు. పెంకులు దించే ముఠాను, కర్ర కోసే ముఠాను గుత్తేదారు విడిగా తెచ్చుకుంటాడు కాబట్టి, ఉప గుత్తేదారుల కూలీలు కూడా పాలసీలో చేరారో లేదో విడిగా అడగాలి. గాయపడినవారిని హైదరాబాదుకు తరలించవలసి వస్తే ఆసుపత్రి ఖర్చే ముందు ముంచెత్తుతుంది కనుక, వైద్య ఖర్చుల పొడిగింపు ఉండడం ఎంతో మేలు. పాలసీ నకలు చూసి ఊరుకోకుండా, అది ఇచ్చిన సంస్థ శాఖకు వెళ్లో, పాలసీ నంబరుతో విచారించో అది అమల్లో ఉందని నిర్ధారించుకోవాలి.

కూలీలకు లేబర్ కార్డులు ఉన్నాయి కదా అని కొందరు అంటారు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయస్సుండి, గడచిన ఏడాదిలో 90 రోజులు ఆ పని చేసినవారు పేరు నమోదు చేసుకోవచ్చు. ప్రమాదంలో మరణిస్తే మండలి నుంచి కుటుంబానికి సాయం అందుతుంది. ఆ కార్డు ప్రతి కూలీకీ ఉండాలి. అయినా అది సంక్షేమ సాయమే గాని, యజమాని మీద ఉండే పరిహార బాధ్యతను తీసివేయదు.

కూలీల తరువాత ఆలోచించవలసింది పక్కింటి గోడ గురించి. నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించే విషయం ఇదే, ఎందుకంటే మన పాత ఇళ్లు విడివిడిగా నిలబడినవి కావు. ఒకే మట్టి గోడ మీద ఇటు మన దంతెలు, అటు పక్కవారి దంతెలు కూర్చుంటాయి. మన కప్పు బరువు, పక్క కప్పు బరువు ఒకదాన్నొకటి ఆనుకుని ఆ గోడను నిలబెడతాయి. మన వైపు బరువు తీసివేయగానే గోడ పక్కింటి వైపు ఒరగవచ్చు. ఆ తరువాత రెండు వానలు పడితే పై కప్పు లేని మట్టి గోడ నీరు తాగి జారిపోతుంది. జేసీబీతో తోయడం మొదలుపెట్టేవరకు ఈ సంగతి ఎవరి దృష్టికీ రాదు. భవనాల కూల్చివేతలో భద్రత గురించి భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 4130 అనే ప్రమాణాన్నే ప్రచురించింది. పని మొదలుపెట్టే ముందు కట్టడాన్నీ పక్క కట్టడాలనూ పరిశీలించాలని, కరెంటు, నీరు వంటి కనెక్షన్లు ముందే తీయించాలని, పై నుంచి కిందికి వరుసగా విప్పుకుంటూ రావాలని అది చెబుతుంది. ఉమ్మడి గోడ ఉన్న చోట కప్పును చేతులతో విప్పించి, పక్క గోడ ఒరగకుండా ఆనుడు కర్రలు (పోట్లు) పెట్టించి, ఆ తరువాతే మిగతా గోడలు తీయించాలని గుత్తేదారుతో ఒప్పందంలోనే రాయించుకోవాలి.

మరి పక్కింటికి పగుళ్లు వస్తే ఎవరు చెల్లిస్తారు? వాళ్లకు ఇంటి బీమా ఉన్నా అందులో నుంచి రావడం కష్టం. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా సంస్థలూ ఇచ్చే భారత్ గృహ రక్ష పాలసీలో, నేల కుంగడానికి సంబంధించిన రక్షణ నుంచి కూల్చివేత, నిర్మాణం, తవ్వకం వల్ల జరిగే నష్టాన్ని మినహాయించారు. కాబట్టి భారం పూర్తిగా మన పనికి తీసుకున్న పాలసీ మీదనే పడుతుంది. గుత్తేదారులకు ఉండే కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్స్ పాలసీలో మొదటి భాగం కట్టే పనికి, రెండో భాగం ఇతరుల ప్రాణానికీ ఆస్తికీ కలిగే నష్టానికి. ఈ రెండో భాగంలో ఎంత సొమ్ముకు రక్షణ ఉందో చూడాలి. అంతకంటే ముఖ్యంగా, ప్రకంపనల వల్ల గాని, ఆధారం తీసివేయడం లేదా బలహీనపరచడం వల్ల గాని కలిగే నష్టానికి ఈ పాలసీ మామూలుగా రక్షణ ఇవ్వదు. దానికి విడిగా ఒక ఎండార్స్‌మెంటు, అంటే పాలసీకి జతచేసే అదనపు రక్షణ పత్రం, తీసుకోవాలి. ఉమ్మడి గోడ ఒరిగితే అది సరిగ్గా ఆధారం తీసివేయడమే కదా! ఆ ఎండార్స్‌మెంటు లేని పాలసీ మన బజారు ఇళ్ల విషయంలో అసలు ప్రమాదాన్నే వదిలివేసినట్లు. అది ఉన్నప్పుడు కూడా, పని మొదలయ్యే నాటికి పక్క ఆస్తి సరైన స్థితిలో ఉందని, దాన్ని కాపాడడానికి జాగ్రత్తలు తీసుకున్నామని మనం చూపించవలసి ఉంటుంది.

అందుకే మా పక్కవారితో మాట్లాడి, వాళ్ల ఇంట్లో ప్రతి గది గోడలనూ, ఇప్పటికే ఉన్న పగుళ్లనూ వాళ్ల సమక్షంలోనే తేదీ కనిపించేలా వీడియో తీయించాము, పగుళ్ల కొలతలు రాసి సంతకాలు తీసుకున్నాము. పక్కింటి పెద్దమ్మ మొదట, "ఏం బిడ్డా, మా ఇల్లు పడగొడ్తరా ఏంది?" అని భయపడింది. ఈ వీడియో రేపు ఆమెకు సాక్ష్యంగా పనికి వస్తుందని చెప్పిన తరువాత ఆమే దగ్గరుండి అటక మీద పగులు కూడా చూపించింది.

జేసీబీ గురించి ఒక మాట. జేసీబీకి బీమా ఉందని దాని యజమాని కాగితం చూపిస్తాడు. అది మోటారు వాహన బీమా. తవ్వే, ఎత్తే యంత్రాలకు ఇచ్చే పాలసీలకు ఐఎంటీ-47 అనే షరతు జతచేస్తారు. యంత్రాన్ని రోడ్డు మీద నడిపే వాహనంగా కాక, పనిముట్టుగా వాడుతున్నప్పుడు కలిగే నష్టంలో మోటారు వాహన చట్టం తప్పనిసరి చేసినంత మేరకే సంస్థ బాధ్యత వహిస్తుందని అందులో ఉంటుంది. కూల్చివేతలో జేసీబీ చేసేది పనిముట్టు పనే. దాని చేయి తగిలి పక్కింటి పిట్టగోడ కూలితే వాహన పాలసీని నమ్ముకోవడానికి వీలుండదు కాబట్టి, గుత్తేదారు పాలసీలోని ఇతరుల నష్టం భాగంలో అద్దె యంత్రాల వల్ల జరిగేది కూడా చేరిందో లేదో అడిగి రాయించుకోవాలి.

నష్టపరిహారంతో విషయం ముగియదు. భారతీయ న్యాయ సంహిత 290వ సెక్షన్ ప్రకారం, భవనాన్ని కూల్చేటప్పుడు అది పడి మనుషుల ప్రాణానికి ముప్పు కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోవడమే నేరం. ఆరు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 106వ సెక్షన్ కింద శిక్ష ఐదేళ్ల వరకు ఉంటుంది. ఏ బీమా పాలసీ ఈ శిక్షను మోయదు.

అనుమతుల విషయంలో నా అభిప్రాయం ఒక్కటే: కొత్త ఇంటికి అనుమతి చేతికి రాకముందు పాత ఇంటి మీద చేయి వేయకూడదు. తెలంగాణలో భవన అనుమతులకు సంబంధించిన 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇంటికి ఆన్‌లైన్ నమోదు చాలు. 500 చదరపు మీటర్ల (సుమారు 600 చదరపు గజాల) వరకు, 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. ఇంత సులభమైనప్పుడు ఆగడం ఎందుకని అనిపించవచ్చు. కాని 2012 ఏప్రిల్ 7 నాటి 168వ జీవోలోని భవన నిబంధనలు 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో కూడా ముందు 1.5 మీటర్లు, మిగతా వైపుల ఒక మీటరు వదలమంటాయి. పాత ఇల్లు రెండు వైపులా గోడకు గోడ కట్టినది. పైగా వీధిని వెడల్పు చేసే ప్రతిపాదన ఉంటే ముందు భాగం మరికొంత పోతుంది. కూల్చిన తరువాత మిగిలే స్థలం ఎంతో ప్లాను గీయించి చూసుకుంటే, కొన్ని ఇళ్లను కూల్చడం కంటే బాగు చేయించుకోవడమే మేలని తేలవచ్చు. స్వీయ ధ్రువీకరణలో తప్పు చెబితే నోటీసు ఇవ్వకుండానే కట్టడాన్ని తొలగించే అధికారం ఆ చట్టంలో ఉంది కాబట్టి కొలతలను ఎవరికో అప్పగించి ఊరుకోకూడదు. కూల్చివేత తేదీని, గుత్తేదారు పేరును తెలుపుతూ పురపాలక కమిషనరుకు గాని, గ్రామ పంచాయతీ కార్యదర్శికి గాని లేఖ ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోవడం మంచిది. మలబా (కూల్చిన శిథిలాలు) వీధిలో పోయవలసి వచ్చినా, ట్రాక్టర్ల కోసం దారి కాసేపు మూయవలసి వచ్చినా అదే లేఖలో అనుమతి అడగవచ్చు.

గ్రామకంఠంలో, అంటే ఊరి పాత నివాస స్థలంలో, ఉన్న ఇళ్ల వారికి ఇంకో జాగ్రత్త అవసరం. అక్కడ చాలామందికి రిజిస్టరైన దస్తావేజు ఉండదు. ఇంటి నంబరు, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు, కళ్లెదుట నిలబడి ఉన్న ఇల్లే హక్కుకు ఆధారం. ఇల్లు కూలిన మరునాడు ఆ ఆధారాల్లో అన్నిటికంటే బలమైనది కనిపించకుండా పోతుంది. అందువల్ల నాలుగు హద్దుల కొలతలు, పక్కవారి సంతకాలు, నాలుగు దిక్కుల నుంచి తీసిన ఫోటోలు, పంచాయతీ నుంచి ఇంటి ధ్రువపత్రం ముందే తీసి పెట్టుకోవాలి, పునాది రాళ్లను కొత్త హద్దు గుర్తులు వేసేదాకా కదిలించకూడదు.

కరెంటు విషయంలో మన ప్రాంతమంతా దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలో ఉంది. మీటరు తీసివేయమని దరఖాస్తు చేసి, సర్వీసు వైరు స్తంభం దగ్గరే విప్పిన తరువాతే పని మొదలుపెట్టాలి. లైన్‌మన్‌కు చెప్పి ఫ్యూజు పీకించడం దీనికి ప్రత్యామ్నాయం కాదు. పక్కింటి సర్వీసు వైరు మన గోడకు కొట్టిన మేకు మీదుగా వెళుతుంటే దాన్ని కూడా మళ్లించాలి. పెరట్లో పూడ్చని పాత బావి, సెప్టిక్ ట్యాంకు ఉంటే జేసీబీ రాకముందే గుర్తు పెట్టి చుట్టూ కంచె వేయాలి. పెరట్లో వేపచెట్టు కొట్టవలసి వస్తే నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు చేసిన వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి.

మలబా ఎక్కడ పోయాలన్నది గుత్తేదారులు చివరిదాకా చెప్పరు. 2016 మార్చి 29 నాటి నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నియమాలు రోజుకు 20 టన్నులకు గాని, నెలలో ఒక పనికి 300 టన్నులకు గాని మించి వ్యర్థం వచ్చే చోట దాన్ని కాంక్రీటు, మట్టి, ఇనుము-కర్ర-ప్లాస్టిక్, ఇటుక-సున్నం అని వేరు చేసి, ముందుగా ప్రణాళిక ఇచ్చి అనుమతి పొందాలన్నాయి. 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టి 2025లో ప్రకటించిన కొత్త నియమాలు పెద్ద బాధ్యతలను 20,000 చదరపు మీటర్లకు మించిన కట్టడాల మీద పెట్టాయి. మన ఇల్లు వాటి లోపే ఉన్నా, చెరువు శిఖంలోనో నాలాలోనో ఒక ట్రాక్టరు ఖాళీ చేసినా అది మన పేరుకే చుట్టుకుంటుంది. పాత మట్టి గోడల మట్టిని పాటిమన్నులాగే చేన్లలో తోలుకోవడానికి రైతులు ఇష్టంగా వస్తారు. అది మంచిదే, అయితే అందులో సిమెంటు రేకుల ముక్కలు కలవనివ్వకూడదు. ఆ రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని పగలగొట్టకుండా, నీళ్లు చల్లి, మూతికి మాస్కు కట్టుకుని నిండు రేకులుగానే దించాలి.

ఈ షరతులన్నీ స్టాంపు కాగితం మీద రాయించుకుని, పాలసీల నకళ్లను దానికే జతచేయాలి. టేకు, దర్వాజలు, ఇనుము గుత్తేదారు తీసుకుంటే వాటి విలువను విడిగా రాయాలి, ఎందుకంటే "సామాను నాకు, కూల్చడం ఉచితం" అనే ఒప్పందంలో బీమాకు ఖర్చు పెట్టడానికి అతనికి ఏమీ మిగలదు. అందుకే ప్రీమియాన్ని మేము విడిగా భరిస్తామని చెప్పాము. పాలసీ అతని పేరున, పని చిరునామా మా ఇల్లు, తేదీలు పని ముగిసే దాకా. మలబా మొత్తం ఎత్తివేసి, పక్కింటి గోడలు మొదటి వీడియోతో పోల్చి చూసి వాళ్లు సంతకం చేసిన తరువాత, పాత ఇంటి పన్ను అసెస్‌మెంటును సరిచేయించుకోవడానికి స్థలం ఫోటోలు చేతికి వచ్చిన తరువాతే చివరి విడత సొమ్ము ఇవ్వాలని ఒప్పందంలో రాసుకున్నాము.